ఎర్రగుడి బండ, పత్తికొండ బావి

తొలకరి పడిందంటే తుగ్గలి చేలల్లో జనం తలలు వంచుకుని నడుస్తుంటారు. జొన్నగిరి, పగిడిరాయి చుట్టూ ఎర్రనేలను వాన కడిగితే రాళ్ళు పైకి తేలతాయి. వాటిలో ఒకటి వజ్రం కాకపోతుందా అని ఆశ. పొరుగు జిల్లాల నుంచి కూడా సద్దిమూటలతో వచ్చి చెట్ల కింద మకాం వేస్తారు. అదే మండలంలో ఎర్రగుడి దగ్గర గుట్ట మీద ఇంకో రకం రాళ్ళున్నాయి. వాటి కోసం వచ్చేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అవి అశోకుడి శాసనాలు. 1920ల చివర్లో ఈ ప్రాంతంలో తిరుగుతున్న ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటబడి లోకానికి తెలిశాయి. పద్నాలుగు పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ ఒకేచోట దొరకడం అరుదు. తుగ్గలికి ఆ భాగ్యం దక్కింది. పెద్దవాటిలో రెండోది ముఖ్యంగా వైద్యం గురించే. తన రాజ్యంలోనూ, చోళ పాండ్యుల పొరుగు దేశాల్లోనూ, గ్రీకు రాజు అంతియోకుని సీమలోనూ మనుషులకూ పశువులకూ చికిత్స ఏర్పాటు చేశాననీ, మందు మొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించాననీ, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించాననీ రాజు చెప్పుకున్నాడు. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దపు మాట ఇది. మందు ఏర్పాటైందని నలుగురూ నడిచే దారి పక్కన బండ మీద రాసిపెట్టడమన్నమాట.

అయితే అక్షరం రానివాడి సంగతేమిటి? దానికీ జవాబు ఎర్రగుడిలోనే ఉంది. అక్కడి చిన్న శాసనం ప్రకారం రాజాజ్ఞ ముందు రజ్జుకుడనే అధికారికి చేరాలి. అతను భేరి మోగించి పల్లె జనానికి చెప్పాలి. ఏనుగుల మావటీలకూ, లేఖకులకూ, బ్రాహ్మణ గురువులకూ కూడా చెప్పించాలి. రాతి మీద రాత ఒక్కటే చాలదని, చదివి చెప్పే మనిషి కావాలని ఆ రాయించినవాడికి తెలుసు. మనకు మొన్నమొన్నటిదాకా ఊళ్ళలో చాటింపు వేసినవాడు ఆ భేరి వారసుడే.

ఇక పత్తికొండ. తుగ్గలి పల్లెలు ఒకప్పుడు ఆ తాలూకాలోవే. దత్తమండలాలకు కలెక్టరుగా పనిచేసి తర్వాత మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో ఇంగ్లండుకు తిరిగిపోయే ముందు ఈ సీమను ఒకసారి చూసిపోదామని వచ్చాడు. బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంత అభిమానం ఇక్కడి రైతులది. గుత్తి నుంచి బయల్దేరిన శిబిరంలో అప్పటికే వాంతిభేది ఉంది. 1827 జూలై 6 ఉదయం పత్తికొండ చేరిన గవర్నరు ఆ రాత్రికే పోయాడు. గుత్తిలో పూడ్చి, 1831లో అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి మార్చారు.

ఆనాడు దొరకూ దొర డాక్టరుకూ కలరా చెడుగాలి వల్ల వచ్చేది. పల్లెవాళ్ళకు అది అమ్మవారి ఆగ్రహం. ఎవరి మాటా నీటి దాకా పోలేదు. లండన్‌లో జాన్ స్నో ఒక వీధి పంపును పట్టుకున్నది 1854లో, కలకత్తా చెరువు నీళ్ళలో రాబర్ట్ కాక్ క్రిమిని చూపించింది 1884లో. ఈలోగా ప్రభుత్వం పత్తికొండలో మన్రో జ్ఞాపకంగా ఒక తోపు నాటించి, రాతి మెట్ల బావి కట్టించింది. అశోకుడు చెప్పిన చెట్టూ బావే మళ్ళీ! నీటి రోగంతో పోయిన మనిషికి నీటి బావి గుర్తు కావడంలోని వింత అప్పుడు ఎవరికీ తట్టి ఉండదు.

మెట్ల బావికి ఇంకో పాపం కూడా ఉంది. కాలి పుండులోంచి దారంలా పురుగు బయటికొచ్చే నారికురుపు రాయలసీమను ఎంత ఏడిపించిందో ముసలివాళ్ళను అడిగితే చెబుతారు. ఆ కాలితో బావి మెట్లు దిగి నీళ్ళు ముంచితే చాలు, పురుగు పిల్లలు నీళ్ళలో పడేవి. ఆ నీళ్ళు తాగిన ఇంకొకరికి ఏడాదికల్లా పుండు. దీనికి టీకా లేదు, తగ్గించే మందూ లేదు. 1980లలో మొదలైన కార్యక్రమం బోరింగులు వేసింది, బావుల్లో మందు చల్లింది. అన్నిటికంటే ఎక్కువగా ఒక్క మాట ఇంటింటికీ చెప్పింది: నీళ్ళు గుడ్డతో వడగట్టండి, పుండున్నవాళ్ళు బావిలో దిగొద్దు. 1996 తర్వాత దేశంలో కేసు లేదు. 2000లో భారతదేశానికి ఆ రోగం నుంచి విముక్తి పత్రం వచ్చింది. సరైన సమాచారం ఒక రోగాన్ని తరిమిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆ సమాచారం ఎప్పుడూ అందుబాటులో ఉండే చోటు గ్రంథాలయం. గ్రంథాలయోద్యమానికి కర్నూలుతో బంధుత్వం ఉంది. 1883లో కర్నూల్లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించినవారిలో ఒకడు. ఆచంట లక్ష్మీపతి ‘అంటువ్యాధులు’ ఆ మండలి పుస్తకమే. తర్వాతి రోజుల్లో గాడిచర్ల ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికీ, వయోజన విద్యకూ తన కాలం ధారపోశాడు. ఆయన పోయిన 1960లోనే ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం వచ్చింది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ సంగతి పన్ను కట్టేవాళ్ళలో ఎందరికి తెలుసో!

పుస్తకాలకూ కొదవ లేదు. హైదరాబాద్ బుక్ ట్రస్టు ‘వైద్యుడు లేనిచోట’ తెచ్చింది. ఆడవాళ్ళు నోరు తెరిచి అడగలేని ప్రశ్నలకు స్త్రీశక్తి సంఘటన ‘సవాలక్ష సందేహాలు’ రాసింది. సుగ్గికి గుంటూరు మిరప చేలకు వలసపోయి, ఒళ్ళు హూనమై తిరిగొచ్చే ఆడవాళ్ళకు అక్కరకొచ్చే పుస్తకాలివి. అవి బీరువాలో తాళం వెనక కాకుండా పేపరు చదివే బల్ల మీద ఉండాలన్నదే నా గొడవ. ఎందుకంటే ఎదుటి పక్షం బీరువాలో దాక్కోదు. బస్టాండు గోడ మీద షుగరుకు శాశ్వత చికిత్స అంటుంది, సెల్‌ఫోనులో రోజుకొక కషాయం పంపుతుంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం అలాంటి ప్రకటనలు కూడదన్న 54 రోగాల జాబితాలో షుగరు కూడా ఉంది. ఆ జాబితాను తెలుగులో గోడకు అంటిస్తే గ్రంథపాలకుడు వాదించే పనే లేదు. అమెరికాలో జాతీయ వైద్య గ్రంథాలయం 1998 నుంచి మెడ్‌లైన్‌ప్లస్ పేరుతో మామూలు జనానికి అర్థమయ్యే సమాచారం ఇస్తోంది. అక్కడి గ్రంథాలయ సిబ్బందీ రోగం పేరు చెప్పరు. నమ్మదగిన పుట తెరిచి చూపి, ఆపైన డాక్టరు దగ్గరికి పొమ్మంటారు.

మన్రోను ఏది బతికించేదని ఇప్పుడడిగితే జవాబు వంటింట్లోనే ఉంది. లీటరు శుభ్రమైన నీళ్ళకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ కుప్ప లేకుండా చెంచా అంచుకు సమంగా. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో దిలీప్ మహాలనబీస్ ఇలాంటి ఉప్పు చక్కెర నీళ్ళే తాగించాడు. నూటికి ముప్పై దాకా ఉన్న కలరా చావులు నాలుగు లోపుకు దిగాయి.

1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి నుంచి కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పంపాడు. పడవ ఆగినచోటల్లా జనం ఎక్కి చదివేవారు. తుగ్గలికి కాలువ లేదు, పడవా లేదు. జూన్‌లో మాత్రం జొన్నగిరి చేలల్లో ఎండలో వందల మంది ఉంటారు, దొరికిన నీళ్ళు తాగుతారు. అక్కడ చింతచెట్టు కింద ఒక బల్ల వేసి, ‘వైద్యుడు లేనిచోట’ పెట్టి, చక్కెర ఉప్పు కొలత పెద్ద అక్షరాల్లో రాసిన అట్టను వేలాడదీసి, చదవలేనివాళ్ళకు చదివి చెప్పే మనిషినొకరిని కూర్చోబెట్టడానికి వజ్రం దొరకక్కర్లేదు.