రెండు పిన్నీసులు

మొన్న మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి, ‘ఐ వాజ్ ఎ స్పై’ అనే పాత నలుపు తెలుపు సినిమా చూశాను. 1933లో ఇంగ్లండులో విక్టర్ సావిల్ తీసిన గూఢచారి కథ. మడెలీన్ కారల్ నాయిక. ఇది నిజంగా బతికిన ఒక నర్సు కథ అని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు.

ఆమె పేరు మార్తా క్నోకార్ట్, బెల్జియం అమ్మాయి. వైద్యం చదువుతుండగా 1914లో యుద్ధం వచ్చింది. జర్మన్ సైన్యం వాళ్ళ ఊరు తగలబెట్టింది. తర్వాత రూలర్స్ అనే ఊళ్ళో జర్మన్ల ఆస్పత్రిలోనే నర్సుగా చేరింది. పగలు వాళ్ళ గాయాలకు కట్లు కట్టేది. అక్కడ విన్న మాటలను రహస్యంగా బ్రిటిష్ వాళ్ళకు చేరవేసేది.

ఎలాగంటారా? 1932లో ఆమె రాసుకున్న పుస్తకంలో ఉంది. కూరగాయలు అమ్ముకునే ఒక ముసలమ్మ కబుర్లు మోసేది. కోటు మడత కింద రెండు పిన్నీసులు పెట్టుకున్నవాడు మనవాడని గుర్తు! మన పమిటకి పెట్టుకునే పిన్నీసే. ఇంట్లో ఆడవాళ్ళ చేతిలో ఉండే వస్తువుని ఎవరు అనుమానిస్తారు?

చివరికి పట్టిచ్చింది కూడా అలాంటి చిన్న వస్తువే. మందుగుండు డిపో పేల్చడానికి వెళ్ళినప్పుడు, తన పేరు అక్షరాలున్న చేతిగడియారం ఎక్కడో జారిపోయింది. 1916లో మరణశిక్ష వేశారు. కానీ అంతకుముందే, తమ సైనికులకు చేసిన సేవకు జర్మన్లు ఆమెకు ఐరన్ క్రాస్ పతకం ఇచ్చి ఉన్నారు. దాని వల్లే శిక్ష యావజ్జీవంగా మారింది. 1918లో యుద్ధం ముగిశాక బయటపడింది.

నన్ను పట్టుకున్నది ఇదే. ఆమె పంపిన కబురుతో దెబ్బతిన్నవాళ్ళు మళ్ళీ ఆమె ముందుకే వచ్చేవాళ్ళు కదా! ఆ సేవ నటన అనుకుందామా? జ్వరంతో మూలుగుతున్నవాడి నుదుటి మీద చెయ్యి వేసిన ఏ ఆడదానికైనా తెలుసు, రాత్రంతా నటించలేం. ఊరిని తగలబెట్టినవాళ్ళ మీద కోపమూ నిజమే, మంచం మీదున్న కుర్రాడి మీద జాలీ నిజమే.

ఆమె ప్రాణం నిలబెట్టింది ఆ జాలే. ఈ రోజు పమిటకి పిన్నీసు పెట్టుకుంటూ ఆమెనే తలుచుకున్నాను.