జిద్దా ఓడ యుద్ధానికి వెళ్లింది

1944 మార్చి 16న కలకత్తా నుంచి చిట్టగాంగ్ వెళ్తున్న నౌకల బిడారుపై జపాన్ జలాంతర్గామి ఆర్ఓ-111 టార్పెడో వదిలింది. అది తగిలిన ఓడ బంగాళాఖాతంలో మునిగిపోయింది. బర్మాలోని అరకాన్ యుద్ధరంగానికి వెళ్తున్న సైనికులు అందులో కిక్కిరిసి ఉన్నారు. దాదాపు 380 మంది చనిపోయారు. ఆ ఓడ పేరు ఎల్ మదీనా. దాన్ని కట్టించింది హజ్ యాత్రికుల్ని జిద్దా రేవుకు చేర్చడానికి.

దాని యజమాని సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. విశాఖపట్నంలో సింధియా అనే పేటకు ఆ పేరు వచ్చింది ఈ కంపెనీ వల్లే. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన నౌకా నిర్మాణ కేంద్రం వీళ్లదే. అక్కడి మొదటి ఓడ జల ఉషను 1948 మార్చిలో నెహ్రూ నీళ్లలోకి వదిలారు. కంపెనీ పుట్టుకలోనూ యుద్ధం జాడ ఉంది. 1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ కొన్న తొలి ఓడ లాయల్టీ మొదటి ప్రపంచ యుద్ధంలో గ్వాలియర్ మహారాజా నడిపించిన ఆసుపత్రి నౌక. అది ఏప్రిల్ 5న బొంబాయి నుంచి లండన్‌కు బయల్దేరింది. ఏటా ఆ తేదీనే జాతీయ నౌకాయాన దినంగా జరుపుకుంటున్నాం.

ఎల్ మదీనా రాకముందు జిద్దా దారి పూర్తిగా బ్రిటిష్ పెట్టుబడి చేతిలోని మొఘల్ లైన్ గుప్పిట్లో ఉండేది. 1937లో సింధియా ఎల్ మదీనాతో పోటీకి దిగింది. మరుసటి ఏడు ఎల్ హింద్ తోడైంది. రెండు కంపెనీలూ పంతానికి పోయి ఛార్జీలు తగ్గించుకుంటూ వెళ్లాయి. స్వదేశీ ఓడ ఎర్ర సముద్రంలోకి అడుగుపెట్టడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు.

పేద హాజీలు వెళ్లేది డెక్కు మీదే. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం మనిషికి దక్కే చోటు 16 చదరపు అడుగులు. ఒక చాప, పక్కన సామాను పెట్టెతో అది నిండిపోతుంది. ఎర్ర సముద్రంలోకి వచ్చాక కమరాన్ దీవిలో క్వారంటైన్ తప్పదు. జిద్దా ముందు పగడపు దిబ్బలు అడ్డం. ఓడ దూరంగానే లంగరు వేసేది. అక్కడి నుంచి సంబుక్ పడవల్లోకి దిగి ఒడ్డుకు చేరాలి. ఆ సామాన్య యాత్రికులు కట్టిన రుసుములే అప్పటి సౌదీ ఖజానాకు ప్రధాన ఆధారం. దమ్మామ్‌లో చమురు పడింది 1938 మార్చిలో. దాని డబ్బు పూర్తిగా చేతికందకముందే యుద్ధం ముంచుకొచ్చింది. సముద్రం మీద భయంతో యాత్రికుల రాక పడిపోయింది. 1943 జులైలో మొఘల్ లైన్‌కు చెందిన రహ్మానీని ఏడెన్ సింధుశాఖలో జపాన్ జలాంతర్గామి ముంచేసింది.

సైన్యం ఈ ఓడల్ని ఎందుకు కోరుకుందో ఆ డెక్కును చూస్తే తెలుస్తుంది. వందల మంది పడుకునే చోటు, వాళ్లందరికీ వండే వంటిళ్లు, నీళ్ల ట్యాంకులు, మరుగుదొడ్లు ముందే సిద్ధంగా ఉన్నాయి. హాజీ చాప పరిచిన చోట సిపాయి పరుపు పరిస్తే సరిపోతుంది.

అప్పటికి తూర్పు తీరం సురక్షితం కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. ఎల్ మదీనా మునగడానికి నెల రోజులకు కాస్త ముందు, 1944 ఫిబ్రవరి 11న, ఆర్ఓ-110 అనే మరో జలాంతర్గామి విశాఖ దాపులోనే ఒక బిడారుపై దాడి చేసి అస్ఫాలియన్ అనే వర్తక నౌకను దెబ్బతీసింది. భారత నౌక జమున, ఆస్ట్రేలియా నౌకలు లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ కలిసి ఆ జలాంతర్గామిని అక్కడే ముంచాయి. తర్వాతి నెలలో ఆర్ఓ-111 ఎల్ మదీనా దారి కాచింది.

ఇంకో 29 రోజులకు, ఏప్రిల్ 14న, బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలిపోయింది. ఆ మంటల్లో ఎల్ హింద్ కూడా నాశనమైంది. జిద్దా కోసం కట్టించిన రెండు ఓడలూ నెల తిరక్కుండానే పోయాయి. బర్మా యుద్ధం గురించి రాసేవాళ్లు ఇంఫాల్, కొహిమా దగ్గరే ఆగిపోతారు. సముద్రంలో పోయిన ఈ సిపాయిలకూ, ఓడ ఖలాసీలకూ ఆ పుస్తకాల్లో ఒక్క పేజీ అయినా దక్కాలి.

యుద్ధం ముగిశాక ప్రయాణం తిరగబడింది. సైనికుల్ని మోసిన ఓడలే జిద్దా బాట పట్టాయి. హాంబర్గ్‌లోని బ్లోమ్ అండ్ ఫాస్ 1935లో కట్టిన పాట్స్‌డామ్ ఓడను బ్రిటన్ యుద్ధ పరిహారంగా తీసుకుని, ఎంపైర్ ఫోవీ అని పేరు మార్చి సైన్యం కోసం నడిపింది. 1960లో కరాచీకి చెందిన పాన్ ఇస్లామిక్ కంపెనీ దాన్ని కొని సఫీనా-ఎ-హుజ్జాజ్ అని పిలుచుకుంది. 1976లో గడానీ తీరంలో విరగ్గొట్టేవరకు అది కరాచీ హాజీల ఓడ. మొదటి నుంచీ సైన్యం కోసమే కట్టిన బ్రిటిష్ ఓడ దిల్వారా 1960లో కౌలాలంపూర్ పేరుతో మలయా యాత్రికుల్ని మోసింది.

వీటన్నిటిలో విచిత్రమైన జాతకం ప్రిటోరియాది. 1936లో హాంబర్గ్‌లోనే పుట్టి, జర్మన్ నౌకాదళంలో పనిచేసి, తర్వాత ఎంపైర్ ఆర్వెల్‌గా బ్రిటిష్ సైనికుల్ని మోసింది. 1959 నుంచి గునుంగ్ జాతి పేరుతో ఇండోనేసియా నుంచి ఒక్కో విడతలో రెండు వేల మంది హాజీల్ని జిద్దా చేర్చింది. అందుకోసం ఓడలోనే మసీదు కట్టారు. ముసలితనంలో ఇండోనేసియా నౌకాదళం దాన్ని తీసుకుని, తంజుంగ్ పందాన్ అని పేరుపెట్టి మళ్లీ సైనికుల్నే ఎక్కించింది. 1987లో తైవాన్‌లో దాన్ని తుక్కు చేశారు. మన బొంబాయి నుంచి జిద్దాకు హాజీల ఓడ ఆ తర్వాతా కొన్నేళ్లు నడిచి, 1995లో ఆగిపోయింది.