రాయచూరు కోటలో ఒక తెలుగు శిల

సెలవు దినములలో దంపతులు సముద్రతీర నగరములకు పోయి, అచటి దుర్గములను చూచి వచ్చుట నేడు పరిపాటి. రాయచూరు జిల్లాకు సముద్రము లేదు. అయినను ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర ప్రవహించుచుండ, ఆ రెంటి నడుమ నున్న ఈ అంతర్వేది కోటలకు కాణాచి. రాయచూరు, మలియాబాదు, ముద్గల్లు, కృష్ణానది నడుమ ద్వీపముపై వెలసిన జలదుర్గము - ఇవన్నియు ఈ సీమలోనివే. వేకువనే బయలుదేరినచో రాయచూరును, ముద్గల్లును ఒక్క దినముననే చూడవచ్చును. మేము దంపతుల మిరువురమును అట్లే చూచితిమి. చూచినవానిలో ఆంధ్రులు ముఖ్యముగ తెలిసికొనవలసిన దొక శిల గలదు.

రాయచూరు కోటకు ప్రాకారములు రెండు. వెలుపలిది బిజాపుర సుల్తానుల కాలమున 16వ శతాబ్దిలో కట్టబడినది. లోపలిది అంతకంటె ప్రాచీనము. చక్కగా చెక్కిన పెనుబండలను సున్న మక్కరలేకయే ఒకదానిపై నొకటి పేర్చి దానిని నిర్మించిరి. ఆ లోపలి కోట పడమటి గోడలో 41 అడుగులకు పైబడిన పొడవు గల ఏకశిల యొకటి యున్నది. దానిపై శాలివాహన శకము 1216, అనగా క్రీ. శ. 1294 నాటి తెలుగు శాసనము కలదు. గోరె గన్నయరెడ్డి సేనానియగు విఠలనాథుడు అదవాని, తుంబళము, మానువ, హాలువ దుర్గములను జయించి, రాయచూరు ప్రవేశించి, పురప్రజల రక్షణకై ఈ కోటను కట్టించెనని దాని సారాంశము. అదవానియే నేటి ఆదోని. మానువయే రాయచూరు జిల్లాలోని మాన్వి.

ఈ గన్నయరెడ్డియే అడవి బాపిరాజుగారి నవలవలన ఆంధ్రులకు చిరపరిచితుడైన గోన గన్నారెడ్డి యని పలువురి అభిప్రాయము. ఈ కోట రుద్రమదేవి కాలమున వెలసినదని లోకము చెప్పుకొనును. కాని చందుపట్ల శాసనమునుబట్టి ఆమె నిర్యాణము 1289 నాటిదని తేలుచున్నది. కావున 1294 నాటికి ఓరుగల్లు సింహాసనమున నున్నవాడు ప్రతాపరుద్రుడే యనవలెను.

శాసనము సేనాని పేరు చెప్పినది, ప్రభువు పేరు చెప్పినది. ఇంతటి బండను గోడవరకు తెచ్చిన దెవరని మా సహధర్మచారిణి అడిగినది. ఆ ప్రశ్నకు బదులు పక్కగోడమీదనే కలదు. గట్టి చక్రముల బండిపై నొక పెద్దబండ. దానిని లాగు పశువుల బారు. వానిని అదలించు తోలరులు. చక్రముల క్రింద సన్నకోలలు పెట్టి ముందునకు నెట్టు కూలీలు - ఇవన్నియు అచట రేఖాచిత్రముగా చెక్కబడియున్నవి. వారి పేర్లు లేవు. వారి శ్రమ మాత్ర మున్నది. రాజులు తమ విజయములను చెక్కించిన శాసనములు వేలకొలదిగ గలవు. రాయి మోసినవారికి గోడపై చోటిచ్చినవి మాత్రము అరుదు.

రెండువందల యిరువదియారేండ్లకు ఇదే యూరిలో రాళ్ల కథ తలక్రిందులైనది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్ షాను ఓడించి రాయచూరును ముట్టడించెను. కొలదికాలము తరువాత ఆ వృత్తాంతమును వ్రాసిన పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ ఒక విచిత్రమైన సంగతి చెప్పెను. గోడనుండి పెరికి తెచ్చిన ప్రతి రాతికిని, దాని పరిమాణమునుబట్టి, పదినుండి ఏబది పణముల వరకు సేనానాయకులు తమ భటులకు చెల్లించిరట. క్రిష్టవావ్ ద ఫిగెరెదు వెంట వచ్చిన పోర్చుగీసు తుపాకీవారు కోటపై నున్నవారిని తలయెత్తనీయకపోగా, భటులు గోడను విప్పిరి. కోటాధిపతి ముట్టడిని చూచుటకు వంగినపుడు నుదుట గుండు తగిలి మరణించెను, కోట వశమయ్యెను. ఒకనాడు రాయి తెచ్చిన కూలికి బొమ్మ దక్కినది. మరియొకనాడు రాయి పెరికినవానికి పణము దక్కినది. 1565లో రాక్షసి తంగడి యుద్ధమున విజయనగరము కూలగా, ఇంత వ్యయముతో గెలిచిన ఈ కోట మరల బిజాపురము పాలయ్యెను.

అచటినుండి లింగసుగూరు మీదుగా ముద్గల్లు చేరునప్పటికి ఎండ వాలినది. విశాలమైన అగడ్తయు, దాని వెనుక బురుజుల వరుసయు నేటికిని గంభీరముగా నున్నవి. ఈ యూరి కంసాలి కూతురొకతెను మొదటి దేవరాయలు కోరెననియు, అంతఃపురము చేరిన స్త్రీకి తలిదండ్రుల దర్శనముండదని ఆమె నిరాకరించెననియు ఫిరిష్తా వ్రాసెను. ఆమెను పట్టి తెచ్చుటకు సేన రాగా ఆ కుటుంబము ముందే పారిపోయెననియు, వట్టిచేతులతో మరలిన సేన దారిలోని ఊళ్లను దోచెననియు, 1406 నాటి యుద్ధమున కదియే కారణమనియు అతని కథనము. కథ నిజమో కల్పనయో యెట్లున్నను, కోటలకై కొట్లాడినపుడు నష్టపోయినవారు చుట్టుపట్ల పల్లెవారే యను మాట మాత్రము సత్యము. పురప్రజల రక్షణ యని విఠలనాథుడు చెక్కించిన మాటను ఈ కథ ప్రక్కన పెట్టి చదువవలెను.

1956 నవంబరు 1న భాషాప్రాతిపదికపై రాష్ట్రములు పునర్వ్యవస్థీకరింపబడినపుడు, హైదరాబాదు రాజ్యములోని రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరెను. అంతవరకు ఈ జిల్లాలోనే యున్న ఆలంపురము, గద్వాల తాలూకాలు ఆంధ్రప్రదేశములో కలిసెను. ఎల్లలు కదలినవి, శిల కదలలేదు. దానిని చూపి ఈ యూరు మాదనుట మన ఉద్దేశము కారాదు. ఆ శాసనము నాటికి తెలుగు కన్నడ లిపులు ఇంకను పూర్తిగ వేరుపడలేదు. ఓర్పుతో చూచినచో కన్నడ మెరిగినవారు సైతము ఆ వ్రాతలో కొన్ని యక్షరములు పోల్చుకొనగలరు. అందుచేత అది ఇరుభాషలవారి ఉమ్మడి సొత్తు.

కోటగోడలపై పేర్లు గీయు దురలవాటు మన దేశమున ఎల్లెడల నున్నది. ఆ శిలపై నొక గీత పడినచో ఏడువందల యేండ్లు నిలిచిన యక్షరము చెరగును. తెలుగువారు రాయచూరు పోయినపుడు పిల్లలను ఆ గోడవద్దకు తోడ్కొనిపోవలయును. సేనాని పేరుతోబాటు, బండి లాగినవారి బొమ్మనుగూడ వారికి చూపవలయును.