చేపకు మందు, నీటికి పరీక్ష

పశువైద్యంలో మందు జంతువు ఒంట్లోకే పోతుంది. ఆవుకైతే గొంతులో పోస్తారు, కోడికైతే సూది వేస్తారు. అక్వేరియం చేపకు మాత్రం చాలావరకు నీళ్లలోనే కలుపుతారు. ఆ నీళ్లే చేపకు ఊపిరి. దాని మలమూత్రాలు చేరేదీ అందులోకే, ఆ మలినాన్ని విరిచే బాక్టీరియా బతికేదీ అందులోనే. ఒక చేప కోసమని వేసిన మోతాదు తొట్టెలో ప్రాణమున్న ప్రతిదానికీ తగులుతుంది. అందుకే అక్వేరియం వైద్య చరిత్రను మందుల పేర్లు వరసపెట్టి రాస్తే సగం కథే అవుతుంది. ఏ మందు ఎప్పుడొచ్చిందన్నదానికంటే, నీటిలో ఏం జరుగుతోందో మనిషికి ఎప్పుడు ఎంత తెలిసిందన్నదే ఈ వైద్యాన్ని ముందుకు నడిపిందని నా వాదన.

గాజు తొట్టెలు రాకముందే ఈ ఎరుక కొంత ఉంది. చైనాలో సాంగ్ వంశం నాటికే చెరువుల్లో గోల్డ్‌ఫిష్ పెంచేవారు. మింగ్ కాలానికి అవి కుండల్లోకి, ఇళ్లలోకి వచ్చాయి. 1596లో జాంగ్ చియాన్‌దే ఈ చేపల మీదే ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. సుమారు అప్పుడే అచ్చయిన లీ షిజెన్ ఔషధ గ్రంథంలో గోల్డ్‌ఫిష్ గురించి రెండు మాటలు పక్కపక్కనే కనిపిస్తాయి: సబ్బు నీళ్లు తగిలితే చస్తాయి, పాప్లర్ చెట్టు బెరడు వేస్తే పేలు పట్టవు. మన కొల్లేటి ప్రాంతపు చెరువుల్లో ఈనాటికీ రైతులను ఏడిపించే చేపపేను కంటికి కనబడే పురుగే కనుక, దాని గురించి అంత పాతకాలంలో రాయడంలో వింత లేదు. నాకు ముఖ్యమనిపించేది ఆ రెండు మాటల పొత్తు. నీళ్లలో వేసేదేదైనా చేపను కాపాడగలదు, చంపనూగలదు అన్న గమనింపు అక్కడ ఉంది. ఎందుకన్నది తెలియడానికి మాత్రం మరో మూడు వందల ఏళ్లు పట్టింది.

పందొమ్మిదో శతాబ్దపు యూరప్ ఈ ప్రశ్నకు ఒక అందమైన జవాబు చెప్పుకుంది. 1832లో జాన్ విల్‌ప్రో పవర్ సిసిలీలో సముద్రజీవులను గాజు తొట్టెల్లో ఉంచి పరిశీలించింది. 1850లో లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ గోల్డ్‌ఫిష్‌ను వాలిస్‌నేరియా మొక్కతో కలిపి పెంచిన ప్రయోగాన్ని ప్రకటించాడు. ఆకులు కుళ్లి నీరు చెడుతుంటే నత్తలను వేశాడు. అవి కుళ్లును తినేశాయి, తొట్టె తేరుకుంది. 1853లో లండన్ జూలో చేపల ప్రదర్శనశాల తెరుచుకుంది, మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ పుస్తకం వచ్చి అక్వేరియం పెంపకాన్ని ఒక మోజుగా మార్చింది. మొక్క, చేప, నత్త సరిపాళ్లలో ఉంటే నీళ్లు మార్చే పనే లేదన్న నమ్మకం ఆ తరువాత చాలా కాలం నిలిచింది. ఇందులో సగం నిజముంది. తొట్టెను మొత్తంగా ఒకే బతుకుగా చూడటం నేర్పింది ఈ ఆలోచనే. లోపమల్లా, ఆ లెక్కలో కంటికి కనిపించేవాళ్లకే చోటుండటం.

కనిపించనివాటి లెక్క 1876, 1877లలో మొదలైంది. ఈ రెండేళ్ల దగ్గర కాసేపు ఆగాలి. 1876లో ఫూకె అనే ఫ్రెంచి పరిశోధకుడు తెల్లమచ్చల జబ్బు తెచ్చే ఏకకణజీవిని వర్ణించి ఇక్తియోఫ్తిరియస్ అని పేరు పెట్టాడు. పెంపకందార్లు ముద్దుగా ఇక్ అంటారు. అదే ఏడు జర్మనీలో హైన్రిక్ కారో నూలుబట్టకు అద్దే మిథిలిన్ బ్లూ తయారుచేశాడు. 1877లో అక్కడే మలకైట్ గ్రీన్ పుట్టింది, అదీ అద్దకపు రంగే. అదే 1877లో పారిస్‌లో ష్లోజింగ్, మ్యూంట్జ్ ఇసుక, సున్నపురాయి నింపిన పొడవాటి గొట్టం గుండా మురుగునీటిని మెల్లగా పారించారు. మూడు వారాల దాకా ఏ మార్పూ లేదు. తరువాత అమ్మోనియా నైట్రేటుగా మారడం మొదలైంది. గొట్టంలోకి క్లోరోఫాం పంపితే ఆ మార్పు ఆగిపోయింది. క్లోరోఫాం తీసేసినా తిరిగి మొదలవలేదు. కాస్త మట్టి కడిగిన నీళ్లు పోశాకే మళ్లీ సాగింది. అంటే ఆ పని చేస్తున్నది రసాయనం కాదు, ప్రాణులు. రోగకారకం పేరూ, దానికి మందులు కాబోయే రంగులూ, ఆ మందులతో చిక్కులో పడబోయే బాక్టీరియా ఉనికీ రెండేళ్ల వ్యవధిలో లోకానికి తెలిశాయి. ఫిల్టర్ ప్రాణంతో పనిచేస్తుందనడానికి మొదటి రుజువు ఒక రసాయనంతో దాన్ని చంపి చూడటం వల్లే దొరికిందన్నది మరవకూడని సంగతి. 1890లో సెర్గెయ్ వినోగ్రాడ్‌స్కీ ఆ బాక్టీరియాను విడిగా పెంచగలిగాడు. అయినా అక్వేరియం వైద్యం ఈ మూడింటినీ కలిపి చూడటానికి దాదాపు ఎనభై, తొంభై ఏళ్లు తీసుకుంది.

ఈలోగా రంగులు మందులయ్యాయి. 1891లో ఎర్లిక్, గుట్‌మాన్ మిథిలిన్ బ్లూను మలేరియా రోగులకిచ్చి చూశారు. 1936 నాటికి అమెరికా చేపపిల్లల కేంద్రాల్లో బూజు మీద మలకైట్ గ్రీన్ వాడకం మొదలైంది. అక్కడి నుంచి అవి ఇళ్లలోని తొట్టెల్లోకి చేరాయి, ఫార్మలిన్, మైలుతుత్తం తోడయ్యాయి. ఇక్ సోకిన చేపను చూస్తే ఈ మందులు ఎందుకు ఒక్కోసారి అద్భుతంగా, ఒక్కోసారి అసలే పనిచేయనట్టుగా ఉంటాయో తెలుస్తుంది. రెక్కల మీద ఉప్పురవ్వల్లాంటి తెల్లని చుక్కలు, రాళ్లకు ఒళ్లు రుద్దుకోవడం, మొప్పలు గబగబా ఆడటం. ఆ చుక్క లోపల పరాన్నజీవి చర్మం కింద దాక్కుని ఉంటుంది, నీళ్లలోని మందు దాన్ని తాకదు. బలిసి రాలి అడుగున చేరి, జిగురులాంటి పొర కట్టుకుని, వందల కొద్దీ పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు ఈదుతూ చేపను వెతికే ఒకటి రెండు రోజులే మందు పనిచేసే కాలం. 25 డిగ్రీల వేడిలో ఈ చక్రం వారంలోపే తిరుగుతుంది, చల్లని నీటిలో వారాలు సాగుతుంది. కాబట్టి మందును మించి అక్కరకొచ్చేది నీటి వేడి ఎంతో, రోజులు ఎన్నో తెలుసుకోవడం.

మోతాదు దగ్గరే మరో చిక్కు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న తొట్టెను కొట్టువాడు 54 లీటర్లని చెబుతాడు. పైన 3 సెంటీమీటర్లు ఖాళీ వదిలి, అడుగున 5 సెంటీమీటర్ల గులకరాయి పోస్తే నిజంగా పట్టేది 43 లీటర్లు దాటదు. 54కి లెక్కగట్టి వేస్తే పాతిక శాతం ఎక్కువ పడినట్టే. లీటరుకు 0.1 మిల్లీగ్రాము దగ్గర వాడే మలకైట్ గ్రీన్‌కు మందుకూ విషానికీ మధ్య ఎడమే తక్కువ. ఆ పాతిక శాతం చిన్నది కాదు.

ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటుంది. మందులు ఫిల్టర్ బాక్టీరియాను చంపుతాయన్నది అతిశయోక్తి అంటారు. ఆ మాటకు ఆధారం ఉంది. 1970ల మధ్యలో అమెరికాలో కొందరు పరిశోధకులు తిరుగునీటి తొట్టెల్లో ఒక్కో మందే వేసి నత్రీకరణను, అంటే అమ్మోనియా నైట్రేటుగా మారడాన్ని, కొలిచారు. మామూలు మోతాదులో ఫార్మలిన్, మలకైట్ గ్రీన్, మైలుతుత్తం పెద్దగా దెబ్బతీయలేదు. మిథిలిన్ బ్లూ, ఎరిత్రోమైసిన్ మాత్రం గట్టిగానే తీశాయి. అంటే అందరూ మెతకదని నమ్మే నీలిరంగే ఫిల్టర్‌కు ఎక్కువ ప్రమాదం. ఈ ఫలితాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ బాక్టీరియా బతికితే నీరు క్షేమమన్నట్టు కాదు. చెరువుల కోసం రాసిన మార్గదర్శకాల ప్రకారం లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫార్మలిన్ 1 మిల్లీగ్రాము ఆక్సిజన్‌ను లాగేస్తుంది. మామూలుగా వాడే 25 మిల్లీగ్రాములకు 5 పోతుంది. ఇక్ చక్రాన్ని త్వరపెట్టడానికి నీటిని 30 డిగ్రీలకు వేడిచేస్తే అందులో ఇమిడేదే లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు. గాలి పంపు బలంగా ఆడకపోతే చేప మందుకు కాదు, ఊపిరాడక చస్తుంది. మైలుతుత్తం మెత్తటి నీటిలో విషం, గట్టి నీటిలో అడుగుకు దిగిపోయి నిష్ప్రయోజకం. నత్తలకు, రొయ్యలకు ఎక్కడైనా మృత్యువే. పైగా ఆ ప్రయోగాల నాడు తెలిసిన బాక్టీరియా కొన్నే. 1998లో మంచినీటి అక్వేరియంలో, అమ్మోనియాకూ నైట్రేటుకూ మధ్య దశ అయిన నైట్రైటును మార్చేది నైట్రోబాక్టర్ కాదు, నైట్రోస్పైరా అని తేలింది. 2005లో సియాటిల్ అక్వేరియం తొట్టె నుంచే అమ్మోనియాను మార్చే ఆర్కియా అనే సూక్ష్మజీవిని వేరుచేశారు. 2015లో రెండు పనులూ ఒంటిచేత్తో చేసే నైట్రోస్పైరా దొరికింది, అందులో ఒకటి చేపల పెంపకపు ఫిల్టర్‌లోనే.

మరి రోగిని వేరే తొట్టెలో పెట్టడమే మేలని నేనంటే, దానికీ అభ్యంతరాలున్నాయి. ఇక్ పాత తొట్టె అడుగునే ఉంటుంది కదా అంటారు. నిజమే, అందుకే ఒక్క చేపను కాదు, అన్నిటినీ తీయాలి. చేపలే లేని వెచ్చని నీటిలో ఆ పిల్లలు ఆకలితో రెండు రోజుల్లో చస్తాయి, పొరలన్నీ విచ్చుకునేదాకా కొన్ని రోజులు ఆగితే చాలు. కొత్త తొట్టెలో బాక్టీరియా ఉండదు, అమ్మోనియా పెరుగుతుంది కదా అన్నది ఇంకా బలమైన మాట. పాత ఫిల్టర్‌లో ఎప్పుడూ ఒక స్పాంజి అదనంగా ఉంచి, అవసరమైనరోజు ఆస్పత్రి తొట్టెకు మార్చే పద్ధతి పుట్టింది ఈ ఇబ్బందిలోంచే. డబ్బూ అడ్డు కానక్కర్లేదు: గాజు తొట్టే కావాలని లేదు, శుభ్రమైన ప్లాస్టిక్ టబ్బు, గాలి పంపు సరిపోతాయి. మిథిలిన్ బ్లూ లాంటివి ఆ స్పాంజిని కూడా వదలవు కనుక, వాటిని వాడినన్నాళ్లూ రోజూ కొంత నీరు మార్చి, మార్చినంత నీటికే మందు తిరిగి కలపాలి. ఆ పోసే నీరు కుళాయిదైతే క్లోరిన్ విరిగాకే పోయాలి.

మన ప్రాంతంలో బోరు నీళ్లతో తొట్టెలు నింపేవారికి ఇంకో జాగ్రత్త అవసరం. చాలాచోట్ల ఈ నీరు క్షారగుణం ఉన్నది. పీహెచ్ 7, 25 డిగ్రీల వేడి ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి అర పాళ్లు. పీహెచ్ 8కి అది 5 దాటుతుంది, 9కి 36 దాకా పోతుంది. ఒకే మందు, ఒకే మోతాదు, ఒకే చేప. ఒక ఊళ్లో బతికి మరో ఊళ్లో చావడానికి ఈ అంకెలు చాలు. నైట్రైటు సంగతి వేరు: అది రక్తాన్ని గోధుమరంగుకు తిప్పి ఆక్సిజన్ మోయనీయదు. 1970ల పరిశోధనలు తేల్చిందేమిటంటే, ఉప్పులోని క్లోరైడు మొప్పల దగ్గర నైట్రైటుకు అడ్డం పడుతుంది. తరతరాలుగా జబ్బు చేపకు చిటికెడు రాళ్ల ఉప్పు వేసినవాళ్లు పరాన్నజీవితో పాటు ఈ విషాన్నీ ఆపుతున్నారన్నమాట. నీటిని సరిచేస్తే అన్ని జబ్బులూ పోతాయని నేననను. నోటి చుట్టూ బూడిదరంగు పొర కట్టే కాలమ్నారిస్ బాక్టీరియాకు మందు పడాల్సిందే, అదీ వెంటనే.

అలాంటి చోట్ల వాడే యాంటీబయాటిక్కుల వల్లే ప్రశ్న తొట్టె అంచు దాటింది. కొట్లో కౌంటరు మీద దొరికే పొడిని ఏ రోగమో తెలియకుండా కలిపితే, మందుకు లొంగని బాక్టీరియా మిగులుతుంది; ఆ నీరు కాలువలోకి పోతుంది. తినే చేపల్లో అవశేషాలు నిలిచిపోతాయని అమెరికా, యూరప్ నిషేధించిన మలకైట్ గ్రీన్ కూడా ఆ దారినే పోతుంది. ఆస్పత్రి తొట్టె నీటిని పారబోసే ముందు యాక్టివేటెడ్ కార్బన్ మీదుగా తిప్పితే రంగు మందులు చాలావరకు అందులోనే చిక్కుతాయి. ఆ నీటిని ఊరి కుంటలోకీ చెరువులోకీ వదలకూడదు. మనిషి ఒంటికీ ముప్పుంది. 1926లో ఆరన్సన్ ఫిలడెల్ఫియా అక్వేరియంలో చచ్చిన చేపల నుంచి మైకోబాక్టీరియం మరైనంను వేరుచేశాడు. అది చేతి గాయాల్లోంచి మనుషులకు సోకుతుందనీ, అక్వేరియం తొట్టెలు అందుకు ఒక దారనీ 1960ల నాటికి తేలింది. చేతికి గీరుకుపోయిన గాయముంటే తొడుగు లేకుండా తొట్టెలో చెయ్యి పెట్టకూడదు, పైపును నోటితో పీల్చి నీళ్లు లాగకూడదు. వేలి మీద వారాల తరబడి మానని గడ్డ కనిపిస్తే ఇంట్లో అక్వేరియం ఉందన్న సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. మామూలు పుండనుకుని మందులు మారుస్తూ పోతే గుర్తించడానికే ఆలస్యమవుతుంది, గుర్తించాక చికిత్సకు నెలలు పడుతుంది.