అయనాంతం: ఖరగ్‌పూర్‌లో దక్షిణానికి పడే నీడ

ఖరగ్‌పూర్: ఏటా జూన్ 21 ప్రాంతంలో సూర్యుడు తన ఉత్తర గమనపు చివరి హద్దును చేరుకుంటాడు. ఉత్తరార్ధగోళంలో అత్యంత దీర్ఘమైన పగలు ఆ రోజుదే. కర్కటరేఖకు కొద్దిగా దక్షిణాన, 22.3 డిగ్రీల అక్షాంశంపై ఉన్న ఖరగ్‌పూర్‌లో ఆ పగటి నిడివి సుమారు 13 గంటల 30 నిమిషాలు. ఇక్కడ సూర్యుడు మధ్యాహ్న రేఖను దాటేది గడియారం 11.42 చూపే వేళ. రుతుపవన మేఘాలు అడ్డుపడకుంటే, నిలువుగా నాటిన మీటరు కర్రకు అప్పుడు రెండు సెంటీమీటర్ల నీడే ఉంటుంది. అదీ ఎప్పటిలా ఉత్తరానికి కాక దక్షిణానికి పడుతుంది.

పంచాంగాలలో మాత్రం దక్షిణాయనం దాదాపు జూలై 16న, కర్కాటక సంక్రమణంతో మొదలవుతుంది. భూమి అక్షం నెమ్మదిగా దిశ మార్చుకోవడం వల్ల అయనాంత బిందువు నక్షత్రాల మధ్య సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున వెనక్కి జరుగుతుంది. పంచాంగం నక్షత్రాలనే పట్టుకుని లెక్కిస్తుంది గనుక ఈ తేడా ఏర్పడింది. వేదాంగ జ్యోతిషం ప్రకారం ఆ బిందువు ఆశ్లేష నడుమ ఉండేది. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ఆ పాత మాటను ప్రస్తావించి, తన కాలానికి అది కర్కాటకాదికి వచ్చిందని రాశాడు. ఉదయాస్తమయాలనో, వృత్తంలో పడే నీడనో గమనించి తేల్చుకోవాలన్నాడు. గ్రంథప్రమాణం కంటే ప్రత్యక్ష పరిశీలనకే పెద్దపీట వేసిన మాట అది.

నేడు ఆ బిందువు మృగశిర చివరన, ఆరుద్రకు ఆనుకుని ఉంది. జూన్ 22 ప్రాంతంలో సూర్యుడు ఆరుద్రలో ప్రవేశిస్తాడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి కోస్తాంధ్ర కుటుంబాలు స్థిరపడిన ఈ పట్టణంలో ఆ ప్రవేశానికి రెండు పేర్లున్నాయి. తెలుగువారికి అది ఆరుద్ర కార్తె. తొలకరి తడికి మఖమల్ వంటి ఎర్రని ఆరుద్ర పురుగులు నేలపైకి వచ్చే అదను. బెంగాలీలకు అంబువాచి. భూమాత రజస్వల అయిందన్న విశ్వాసంతో ఆ రోజుల్లో నాగలి ఆపుతారు. ఒకరికి సాగు వేళ, మరొకరికి నేలకు విశ్రాంతి.

అంబువాచిని అయనాంత పర్వమనడం పరిపాటి అయినా అది సరికాదు. రెండూ కలవడం ఈ యుగపు యాదృచ్ఛికమే. వరాహమిహిరుని నాడు సూర్యుడు అయనాంతానికి మూడు వారాలకు పైగా ముందే ఆరుద్రలో ప్రవేశించేవాడు. మున్ముందు ఆ ప్రవేశం అయనాంతానికి మరింత వెనుకబడుతుంది.