రన్‌వే చివర ఏముంది?

జైరోప్లేన్ పుట్టిందే ఒక విమానం కూలినందువల్ల. 1919లో స్పెయిన్ ఇంజనీరు హువాన్ దె లా సియెర్వా తయారుచేసిన మూడు ఇంజన్ల బాంబర్‌ను పరీక్షిస్తున్న పైలట్ నేలకు దగ్గరలో వేగం తగ్గించాడు. రెక్కల్లో ఎత్తే బలం పోయి విమానం కూలింది. విమానం వేగం తగ్గినా రెక్క మాత్రం తిరుగుతూనే ఉండాలని సియెర్వా అప్పుడే పట్టుబట్టాడు. మొదట చేసినవి పక్కకు ఒరిగి బోల్తాపడ్డాయి. ప్రతి రెక్కా పైకీ కిందికీ ఆడేలా దాని మొదలు దగ్గర కీలు పెట్టాక, 1923 జనవరిలో అతని సి.4 జైరోప్లేన్ ఎగిరింది.

కొద్దిరోజులకే అసలు పరీక్ష వచ్చింది. టేకాఫ్ అయిన వెంటనే ఇంజన్ ఆగిపోయింది. మామూలు విమానమైతే ముక్కు నేలకు గుచ్చుకునేది. సి.4 మాత్రం నిదానంగా, నిటారుగా దిగి క్షేమంగా నేలమీద కూర్చుంది. చిన్నప్పుడు తాటాకు గిరక పట్టుకుని పరుగెత్తినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. జైరోప్లేన్‌లో పైన తిరిగే రెక్కల్ని, అంటే రోటర్‌ను గాల్లో ఇంజన్ తిప్పదు, ఎదురుగాలి తిప్పుతుంది. ఇంజన్ ఆగితే దిగే దారిలోని గాలే తిప్పుతుంది.

ఇది విని "అయితే భయమే లేదు కదా సార్" అంటారు మా కల్వకుర్తి పిల్లలు. నేను ఒప్పుకోను. ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్ ఫిట్టర్‌గా పనిచేసి పింఛను తీసుకుంటున్నవాణ్ణి. నాకు నమ్మకాల కన్నా లెక్కలు ముఖ్యం. రోటర్ తగినంత తిరగకముందే పరుగు పెంచితే రెక్కలు ఎగిరెగిరి కొట్టుకుంటాయి, మెషీన్ బోల్తాపడుతుంది. లేవగానే వేగం లేకుండా ముక్కు ఎత్తి నిటారుగా ఎక్కితే ఇంకో ప్రమాదం. వందడుగుల లోపు ఇంజన్ ఆగితే రోటర్ తిరుగుతూనే ఉంటుంది, కానీ చివర్లో దిగుడును ఆపడానికి కావలసిన వేగం ఉండదు. అందుకే లేచాక కాసేపు నేలను అంటిపెట్టుకుని వేగం కూడగట్టి, ఆ తర్వాతే ఎక్కాలి. సి.4 అదృష్టం ప్రతివాడికీ రాదు.

ఇంకో మాట. విమానాల్లో స్టాల్ (వేగం తగ్గి రెక్కల్లో ఎత్తే బలం పోవడం) భయం తీసేయాలని ఇంత చేసిన సియెర్వా 1936 డిసెంబరు 9న, లండన్ క్రాయిడన్‌లో, పొగమంచులో టేకాఫ్ చేసిన డీసీ-2లో ప్రయాణికుడిగా ఉండి, అది కూలి చనిపోయాడు. వయసు 41.

మన దగ్గరికొస్తే, నిజాం కాలంలో బేగంపేటలో, 1971 నుంచి దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ఎంతోమంది పైలట్లు తయారయ్యారు. దుండిగల్‌లో మొదటి పాఠం చెప్పిన హెచ్‌పీటీ-32 దీపక్‌కు ఒక్కటే పిస్టన్ ఇంజన్. అది గాల్లో ఆగడమే ఆ విమానానికి పట్టిన జబ్బు. 2009 జూలై 31న ఇద్దరు శిక్షకులు చనిపోయాక ఆ విమానాలన్నిటినీ ఎగరనివ్వకుండా ఆపేశారు. 2013లో స్విస్ పిలాటస్ శిక్షణ విమానాలు వచ్చాయి.

ఇంజన్ గాల్లో ఆగకూడదంటే, పిస్టన్ ఇంజన్ దగ్గర పొద్దున మొదటి పని, ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు గాజు గ్లాసులోకి వంచి వెలుగుకు పట్టి చూడడం. విమానం పెట్రోలు నీలంగా ఉంటుంది. నీళ్లు చేరి ఉంటే అడుగున రంగులేని చుక్కలు విడిగా దొర్లుతాయి. గ్లాసంతా రంగు లేకుండా తేటగా ఉంటే "శుభ్రంగా ఉంది" అని సంతోషపడకండి, అదంతా నీళ్లే కావచ్చు!

ఎండ సంగతి కూడా చెప్పాలి. బేగంపేట ఎత్తు 531 మీటర్లు. మే నెలలో 40 డిగ్రీలుంటే అక్కడి గాలి ఐదువేల అడుగుల ఎత్తులో ఉన్నంత పలచగా ఉంటుంది. ఇంజన్ బలం ఏడోవంతు దాకా తగ్గుతుంది, పరుగు పొడుగవుతుంది. మా పాలమూరు చెల్కల మీదా అంతే. పైగా ఇంజన్ ఆగి దిగాలంటే ఇక్కడ రాతిగుండ్లు, పత్తికట్టెలు, బోర్లకు వెళ్లే కరెంటు తీగలు. మాకు తూర్పున పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర 2022 ఫిబ్రవరి 26న శిక్షణ విమానం కూలి, ఒంటరిగా ఎగురుతున్న విద్యార్థిని పోయింది. కారణాల జోలికి నేను పోను.

ఇంజన్ ఆగితే రన్‌వేకు తిరిగి రావాలనిపించడం సహజం. మామూలు విమానాన్ని 45 డిగ్రీలు వాల్చి తిప్పితే స్టాల్ వేగం దాదాపు ఐదోవంతు పెరుగుతుంది. జైరోప్లేన్ స్టాల్ కాదు గానీ మలుపులో ఎత్తు చకచకా పోతుంది. అందుకే పాత శిక్షకులు థ్రాటిల్ తెరవకముందే పైకి చదివించేవారు: ఇంజన్ ఆగితే, ఈ గుర్తు దాకా పరుగు ఆపేస్తాను, ఇంత ఎత్తు దాకా ఎదురుగానే దిగుతాను, అది దాటాకే తిరుగుతాను. ఇంజన్ ఆగాక ఆలోచించడానికి ఉండేది రెండు మూడు సెకన్లే.

మీ పిల్లల్ని ఎగరడం నేర్పే బడిలో చేర్చబోతుంటే, ఫీజు కట్టేముందు రన్‌వే చివరిదాకా నడిచి వెళ్లి, అవతల ఏముందో కళ్లారా చూసి రండి.