కుక్కకు ప్రయాణం పడకపోతే ఏం చేయాలి?

ఆటో ఎక్కించగానే కుక్క జొల్లు కారుస్తుంది, మాటిమాటికీ ఆవలిస్తుంది, మూతి నాక్కుంటుంది, మూలుగుతుంది. చివరికి వాంతి చేసుకుంటుంది. ఇది మొండితనం కాదు, దానికి ప్రయాణం పడడం లేదు. తిరుచానూరు నుంచి తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి దూరం కొంచెమే అయినా, కొన్ని కుక్కలు అంతలోనే ఇబ్బంది పడతాయి. దాంతో ఇంట్లోవాళ్లు విసిగిపోయి రేబిస్ టీకాను వాయిదా వేస్తుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషైనా, కుక్కైనా బతకడం దాదాపు అసాధ్యం. పిల్లకు మూడు నెలలకు మొదటి టీకా, ఆ తర్వాత డాక్టర్ చెప్పిన ప్రకారం వేయించాల్సిందే.

ఎందుకు వస్తుంది?

ఒంటి బ్యాలెన్స్ చూసుకునే భాగం చెవి లోపల ఉంటుంది. బండి కదులుతోందని చెవి చెబుతుంది, కళ్లకేమో సీటు కదలనట్టే కనిపిస్తుంది. ఈ రెండూ పొసగక వికారం పుడుతుంది. కుక్కపిల్లల్లో ఇది ఎక్కువ. పెద్దయ్యేకొద్దీ చాలావాటికి తగ్గుతుంది. తగ్గకపోతే భయం కూడా కారణం కావచ్చు. బండి ఎక్కితే సూదే అని అది గుర్తు పెట్టుకుంటుంది.

ముందే అలవాటు చేయండి

మొదట ఆగి ఉన్న బండిలో కాసేపు కూర్చోబెట్టండి. మర్నాడు ఇంజిన్ ఆన్ చేసి కూర్చోబెట్టండి. ఆ తర్వాత వీధి చివరి వరకు తిప్పండి. ప్రతిసారీ ఇష్టమైన తిండి కొంచెం పెట్టండి. తిట్టొద్దు, కొట్టొద్దు.

ప్రయాణం రోజు

పెద్ద కుక్కకు బయల్దేరే ముందు ఆరు నుంచి ఎనిమిది గంటలు తిండి ఆపండి, నీళ్లు మాత్రం ఆపొద్దు. చిన్నపిల్లల్ని అంతసేపు పస్తు పెట్టకూడదు, డాక్టర్‌ను అడగండి. ముందుకు చూసేలా బెల్టుతో కూర్చోబెట్టి, కిటికీ కొద్దిగా తెరవండి. రెండు గంటలకోసారి దించి నడిపించండి. భాకరాపేట, మొగిలి ఘాట్ల మలుపుల్లో నిదానంగా పోనివ్వండి. సీటుపై ఉతకడానికి వీలైన దుప్పటి పరచండి. జొల్లు తగలకుండా నమాజు బట్టలు వేరే సంచిలో పెట్టుకోండి.

మందులు

ఈ వాంతులు రాకుండా మారోపిటెంట్ అనే మాత్ర ఉంది. బయల్దేరడానికి రెండు గంటల ముందు ఇస్తారు. డోసు కుక్క బరువు, వయసును బట్టి పశువైద్యుడే నిర్ణయించాలి. మనుషుల వాంతి మాత్రలు సొంతంగా వేయొద్దు.

ఎండాకాలం జాగ్రత్త

బయట 30 డిగ్రీలే ఉన్నా, ఆపిన కారు లోపల పది నిమిషాల్లో 40 దగ్గరికి చేరుతుంది. కుక్కను కారులో వదిలి వెళ్లొద్దు. బండి దిగాక కూడా వాంతులు ఆగకపోయినా, రక్తం పడినా, కుక్క నీరసంగా పడిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.